ఆంపియర్ : చర్య, ప్రతిచర్య

మన విద్యార్థి సంఘం వారు ఈ ఏటి సంచికకు ఎవరైనా ఒక గొప్పవాడి జీవితం రాసిమ్మని అడిగారు. నాకు ఈ కాలేజీతో రెండు వరసల చుట్టరికం ఉంది. ఇక్కడే చదువుకున్నాను, ఇక్కడే చాలా ఏళ్లు ఫిజిక్సు చెప్పాను. కాబట్టి తప్పించుకోవడం కుదరలేదు. దేశనాయకుల గురించి, కవుల గురించి రాయగలవాళ్లు తెలుగు, చరిత్ర శాఖల్లో చాలామంది ఉన్నారు. నేను మాత్రం ఒక ఫ్రెంచి లెక్కల మాస్టారి గురించి రాస్తాను. ఆయన పేరు మీకు తెలియనిది కాదు. హీటరు కొనుక్కున్నాక పదిహేను యాంపుల ప్లగ్గు కావాలని షాపులో అడుగుతాం చూడండి, అప్పుడు మనం పలికేది ఆయన పేరులో సగం ముక్కే. పూర్తి పేరు ఆంద్రే మరీ ఆంపియర్.

ఆయన్నే ఎందుకు ఎంచుకున్నానంటే, ఆయన వల్ల నాకో అప్పు మిగిలిపోయింది. ముందు అది చెప్పి తర్వాత ఆయన కథలోకి వెళతాను.

నేను లెక్చరరుగా కొత్తగా చేరిన రోజులు. బి.ఎస్సీ. క్లాసులో కరెంటు పారే రెండు తీగల మధ్య బలం గురించి బోర్డు మీద రాస్తున్నాను. వెనక బెంచీ నుంచి ఒక అబ్బాయి లేచాడు. తీగల సంగతి సరే గానీ సార్, విడివిడిగా రెండు విద్యుదావేశాలు కదులుతుంటే ఏమవుతుందని అడిగాడు. ఒకటి తూర్పుకు పోతోంది. దానికి సరిగ్గా ఎదురుగా, అదే దారి మీద కొంత దూరంలో, రెండోది దారిని అడ్డంగా దాటుతూ ఉత్తరానికి పోతోంది. లెక్క కట్టి చూస్తే రెండింటి మీదా బలాలు సమానంగా రావడం లేదు, ఎదురెదురుగా కూడా లేవు, మరి న్యూటన్ మూడో నియమం తప్పా అన్నది అతని సందేహం. నాకు ఒక్క క్షణం ఏమీ తోచలేదు. అది పరీక్షకు రాదు, సిలబస్సు చూసుకో, కూర్చో అన్నాను. క్లాసంతా నవ్వింది. అతను కూర్చున్నాడు. ఆ ఏడాదంతా మళ్లీ నోరు తెరవలేదు.

ఆ రాత్రి ఇంట్లో కాగితం తీసుకుని కూర్చున్నాను. లెక్క కుర్రవాడిదే కరెక్టు. కదిలే ఆవేశం తన చుట్టూ అయస్కాంత క్షేత్రాన్ని కల్పిస్తుంది. కానీ అది పోతున్న దారికి సూటిగా ముందున్న చోట మాత్రం ఆ క్షేత్రం సున్నా. కాబట్టి ఎదురుగా ఉన్న రెండో ఆవేశానికి మొదటి దాని వల్ల అయస్కాంత బలం ఏమీ తగలదు. రెండోది అడ్డంగా పోతోంది గనుక దాని క్షేత్రం మొదటి ఆవేశం ఉన్న చోట సున్నా కాదు. రెండూ ధనావేశాలైతే మొదటి దాన్ని ఆ క్షేత్రం దక్షిణానికి తోస్తుంది. అంటే ఒకదానికి పక్కకు తోపు ఉంది, రెండోదానికి లేదు. చర్య ఉంది, ప్రతిచర్య కనపడదు. మర్నాడు క్లాసులో ఈ మాట ఒప్పుకోవలసింది. ఒప్పుకోలేదు. కొత్త ఉద్యోగం, చిన్న వయసు, పరువు. దానికి బదులు లైబ్రరీకి వెళ్లి, ఈ చిక్కు మొదట ఎవరికి ఎదురైందా అని వెతకడం మొదలుపెట్టాను. అలా దొరికాడు నాకు ఆంపియర్.

ఆయన 1775 జనవరి 20న ఫ్రాన్సులోని లియోన్ నగరంలో పుట్టాడు. తండ్రి పట్టు వ్యాపారి, పేరు జాన్ జాక్. ఆయన వ్యాపారం తగ్గించుకుని, దగ్గర్లో ఉన్న పోలేమియో అనే పల్లెటూరికి సంసారాన్ని మార్చాడు. కొడుకును బడికి పంపలేదు. రూసో భావాలంటే ఆయనకు గురి. పిల్లవాడికి పుస్తకాల గది అప్పగించి, నీ ఇష్టం వచ్చింది చదువుకో అని వదిలేశాడు. పిల్లవాడు ఊరుకున్నాడా? ఆ రోజుల్లో పేరు మోసిన ఫ్రెంచి విజ్ఞానసర్వస్వాన్ని అకారాది వరసలో మొదటినుంచీ చదువుకుంటూ పోయాడు. ఆయిలర్, బెర్నూలీల లెక్కల పుస్తకాలు లాటిన్‌లో ఉన్నాయంటే వాటి కోసం లాటిన్ నేర్చుకున్నాడు. మన పేరుతో కరెంటును కొలిచే మనిషి ఒక్క రోజైనా విద్యార్థిగా బడి మెట్లెక్కలేదన్న సంగతి మన ప్రిన్సిపాలు గారికి అంతగా నచ్చకపోవచ్చు!

1789లో ఫ్రెంచి విప్లవం వచ్చింది. 1792లో అక్క చనిపోయింది. తండ్రి లియోన్‌లో న్యాయాధికారిగా ఉన్నాడు. 1793లో ఆ నగరం పారిస్ ప్రభుత్వానికి ఎదురు తిరిగింది. ముట్టడి జరిగి, నగరం లొంగిపోయింది. ఆ తర్వాత పట్టుకున్నవాళ్లలో ఆయనా ఒకడు. నవంబరులో గిలటిన్ కింద తల తీశారు. ఆంపియర్‌కు అప్పుడు పద్దెనిమిదేళ్లు. తండ్రే గురువు, తండ్రే బడి. ఒక్క వేటుతో రెండూ పోయాయి. ఏడాది పాటు ఆ కుర్రవాడు పుస్తకం ముట్టలేదు, మనుషులతో మాట్లాడలేదు, శూన్యంలోకి చూస్తూ గడిపాడంటారు. చివరికి మొక్కల మీద రూసో రాసిన పుస్తకం ఏదో చేతికి తగిలి, పొలాల వెంట తిరుగుతూ ఆకులూ పూలూ చూస్తూ మెల్లగా మనుషుల్లో పడ్డాడు.

1799లో జూలీ కారోన్ అనే అమ్మాయిని పెళ్లాడాడు. ఇష్టపడి, మూడేళ్లు ఇంటి చుట్టూ తిరిగి, ఒప్పించి చేసుకున్న పెళ్లి. మరుసటి ఏడు కొడుకు పుట్టాడు, తాత పేరే పెట్టుకున్నారు. జూలీ ఆరోగ్యం దెబ్బతింది. సంసారం గడవడానికి 1802లో బూర్గ్ అనే ఊళ్లో ఫిజిక్సు, కెమిస్ట్రీ చెప్పే ఉద్యోగంలో చేరాడు. భార్య లియోన్‌లో మంచం మీద, భర్త వేరే ఊళ్లో అద్దె గదిలో. ఆ గదిలో కూర్చుని జూదం మీద ఒక గణిత గ్రంథం రాశాడు. తనకంటే ఎంతో ధనవంతులైన వాళ్లతో పట్టుబట్టి ఆడేవాడు, ఆట న్యాయమైనదే అయినా సరే, చివరికి మునిగిపోక తప్పదని అందులో రుజువు చేశాడు. ఆ పుస్తకం వల్ల పెద్దల దృష్టిలో పడి లియోన్‌కే ఉద్యోగం సంపాదించుకున్నాడు. భార్య దగ్గరికి చేరాడు. 1803 జూలైలో ఆమె పోయింది. పెళ్లయి నాలుగేళ్లు నిండలేదు.

ఆ ఊళ్లో ఉండలేక 1804లో పారిస్ వెళ్లిపోయాడు. ఎకోల్ పాలిటెక్నిక్‌లో చిన్న ఉద్యోగంతో మొదలుపెట్టి 1809 నాటికి ప్రొఫెసరయ్యాడు. 1808 నుంచి విశ్వవిద్యాలయ వ్యవస్థకు ఇన్‌స్పెక్టర్ జనరల్ కూడా. అంటే ఊరూరా తిరిగి కాలేజీలు తనిఖీ చేసే అధికారి. 1814లో సైన్సు అకాడమీ సభ్యత్వం వచ్చింది. బయటికి చూస్తే నిచ్చెన ఎక్కుతున్న మనిషి. ఇంట్లో మాత్రం 1806లో చేసుకున్న రెండో పెళ్లి రెండేళ్లలోనే కోర్టు దాకా వెళ్లి విడిపోయింది. ఆల్బీన్ అనే ఆడపిల్ల ఆయన దగ్గర మిగిలింది.

ఆయన పరధ్యానం గురించి పారిస్‌లో కథలు కథలుగా చెప్పుకునేవారు. వీధిలో ఆగి ఉన్న గుర్రపుబండి వెనక చెక్కను నల్లబల్ల అనుకుని లెక్క మొదలుపెట్టాడని, బండి కదిలితే సుద్దముక్క పట్టుకుని వెంట పరిగెత్తాడని ఒక కథ. నిజమో కల్పనో గాని, లెక్చరర్ల మీద ఇలాంటి కథలు కట్టడంలో విద్యార్థులు అన్ని దేశాల్లోనూ ఒక్కటే.

ఇక అసలు ఘట్టం. 1820లో డెన్మార్కు దేశస్థుడు ఆయర్‌స్టెడ్, కరెంటు పారే తీగ దగ్గర పెట్టిన దిక్సూచి ముల్లు పక్కకు తిరుగుతుందని ప్రకటించాడు. సెప్టెంబరు 4న అరాగో ఆ వార్తను పారిస్ అకాడమీకి తెచ్చాడు, 11న చేసి చూపించాడు. ఆంపియర్‌కు అప్పుడు నలభై అయిదేళ్లు. విద్యుత్తు మీద అంతవరకు చెప్పుకోదగ్గ పనేమీ చేయలేదు. వారం తిరిగేసరికి, 18వ తేదీన అకాడమీలో తన మొదటి పత్రం చదివాడు. ఇంకో వారానికి, అయస్కాంతం ప్రసక్తే లేకుండా రెండు తీగలను పక్కపక్కన పెట్టి చూపించాడు. రెండింట్లో కరెంటు ఒకే దిక్కుకు పారితే తీగలు దగ్గరికి లాక్కుంటాయి, ఎదురెదురు దిక్కులకు పారితే దూరంగా నెట్టుకుంటాయి. అంటే అయస్కాంతత్వమంటే కదిలే విద్యుత్తే. అయస్కాంతం లోపల కూడా కంటికి కనపడని చిన్న చిన్న కరెంట్లు తిరుగుతున్నాయన్నాడు. అవి ఒక్కొక్క అణువు చుట్టూ తిరిగేవై ఉండాలని మిత్రుడు ఫ్రెనెల్ సూచిస్తే ఒప్పుకున్నాడు. ఎలక్ట్రాన్ అనే మాట పుట్టడానికి డెబ్బై ఏళ్ల ముందు సంగతి ఇది.

ఇక్కడ విద్యార్థులకో మాట. ఒక చదరపు మిల్లీమీటరు మందం ఉన్న రాగి తీగలో ఒక ఆంపియర్ కరెంటు పారుతుంటే, ఎలక్ట్రాన్లు సగటున సెకనుకు మిల్లీమీటరులో పదో వంతు కూడా జరగవు. అంటే చీమ కంటే నెమ్మది. రెండు ఆవేశాల మధ్య అయస్కాంత బలాన్ని, వాటి విద్యుద్బలంతో పోలిస్తే వచ్చే నిష్పత్తి, వాటి వేగాల లబ్ధాన్ని కాంతి వేగపు వర్గంతో భాగించినంత. అది ఊహకందనంత చిన్నది. మరి ఆ బలం మనకెలా కనపడుతోంది? తీగలో ఎలక్ట్రాన్ల రుణావేశాన్ని రాగి అయాన్ల ధనావేశం సరిగ్గా రద్దు చేస్తోంది కాబట్టి. పెద్ద బలం చల్లబడింది గనుక చిన్న బలం బయటపడింది. మిక్సీలు, పంపుసెట్లు, ఫ్యాన్లు తిరిగేది ఆ మిగులు బలంతోనే.

ఆంపియర్ అక్కడితో ఆగలేదు. తీగను మనసులోనే చిన్న చిన్న ముక్కలుగా కోసి, ఏ రెండు ముక్కల మధ్యనైనా పనిచేసే బలానికి సూత్రం కావాలన్నాడు. కానీ కరెంటు ఎప్పుడూ పూర్తి వలయంలోనే పారుతుంది. ముక్కను విడిగా తెచ్చి తూచడం కుదరదు. అందుకని బలాన్ని కొలవడం మానేసి, బలాలు రద్దయ్యే ఏర్పాట్లు వెతికాడు. కరెంటు వెళ్లే తీగ, వచ్చే తీగ ఆనుకుని ఉంటే బయటికి బలం సున్నా. తిన్నని తీగ బదులు వంకరటింకరగా మెలిపెట్టిన తీగను అదే దారిలో పెడితే తేడా సున్నా. పాదరసం మీద తేలుతున్న తీగ ముక్క తన పొడవు వెంట జరగదు. ఇలా నాలుగు సమతౌల్య స్థితులు. పరికరాలు తన ఇంట్లోనే, చాలావరకు తన డబ్బుతోనే చేయించుకున్నాడు. 1820 నుంచి ఆరేళ్ల పాటు సాగిన ఆ పని 1826 నాటి మహాగ్రంథంలో ముగిసింది. కేవలం ప్రయోగాల నుంచే రాబట్టిన సిద్ధాంతం అని దాని పేరులోనే చెప్పుకున్నాడు. అయితే చివర్లో, నాలుగో ప్రయోగానికి పరికరం చేయించడానికి తీరిక దొరకలేదని నిజాయితీగా ఒప్పుకున్నాడు కూడా!

ఇంకొకటి కూడా ప్రయోగం నుంచి రాలేదు. బలం రెండు ముక్కలను కలిపే సరళరేఖ వెంటే ఉంటుందనీ, చర్యకు ప్రతిచర్య సమానమనీ ఆయన ముందే పట్టుదలగా నమ్మాడు. అది న్యూటన్ నుంచి వచ్చిన ఆస్తి. 1821లో ఫారడే, అయస్కాంతం చుట్టూ తీగ గుండ్రంగా తిరగడం చూపించినప్పుడు, ఇది సరళరేఖ వెంట లాగే బలమెలా అవుతుందని చాలామంది అడిగారు. ఆంపియర్ తన సూత్రంతోనే దాన్నీ వివరించాడు. 1845లో, ఆయన పోయాక, గ్రాస్‌మన్ అనే జర్మన్ ఇంకో సూత్రం ఇచ్చాడు. అందులో రెండు ముక్కల మధ్య బలాలు సమానమూ కావు, ఎదురెదురూ కావు. విచిత్రమేమంటే, వలయం పూర్తయితే రెండు సూత్రాలూ ఒకే జవాబిస్తాయి. తేడా వలయమంతా కలిపేసరికి సున్నా అయిపోతుంది. ఆంపియర్ చేసిన ప్రయోగాలేవీ ఈ తగవు తీర్చలేనివే.

మన క్లాసుల్లో ఈనాడు చెప్పే సూత్రం గ్రాస్‌మన్ దారిదే, లోరెంజ్ బలం. మా వెనక బెంచీ కుర్రవాడు లెక్క కట్టింది దానితోనే. మరి ప్రతిచర్య ఏమైపోయింది? 1900లో పాయింకరే, 1903లో అబ్రహాం దీన్ని తేల్చారు. రెండు ఆవేశాల మధ్య ఉన్న చోటు ఖాళీ కాదు. అక్కడ ఉన్న విద్యుదయస్కాంత క్షేత్రానికి కూడా ద్రవ్యవేగం ఉంది. ఒక ఆవేశం పోగొట్టుకున్నది రెండోదానికి అప్పటికప్పుడు అందకపోవచ్చు. క్షేత్రం దాన్ని దాచుకుంటుంది. క్షేత్రాన్ని కూడా కలిపి లెక్క కడితే పైసా తేడా రాదు. మూడో నియమం రెండు వస్తువుల మధ్య తక్షణ ఒప్పందంగా నిలవదు గానీ, మొత్తం ద్రవ్యవేగం మారదన్న పెద్ద నియమం నిలిచింది. ఆంపియర్ నమ్మకంలో నిజం ఉంది. అది ఆయన వెతికిన చోట లేదు, అంతే.

ఆయన జీవితంలో నన్ను బాగా కుదిపిన ఘట్టం వేరే ఉంది. 1822లో జెనీవాలో, ద లా రీవ్ అనే యువకుడితో కలిసి, కరెంటు పారే తీగచుట్ట లోపల పలచటి రాగి వలయాన్ని వేలాడదీసి, పెద్ద అయస్కాంతం దగ్గరికి తెచ్చాడు. వలయం కదిలింది. అంటే, దేనికీ కలపని రాగిలో కరెంటు పుట్టింది. ప్రపంచాన్ని వెలిగించిన విద్యుదయస్కాంత ప్రేరణ అదే. కళ్లెదుట కనపడింది. కానీ తన సిద్ధాంతానికి దానితో పని లేదని ఆంపియర్ పక్కన పెట్టేశాడు. తొమ్మిదేళ్ల తర్వాత, 1831లో ఫారడే దాన్ని విడిగా కనుక్కుని లోకానికి ఇచ్చాడు. ఆంపియర్‌కు తను వదులుకున్నదేమిటో అప్పుడు తెలిసింది.

ఇది చదివిన రోజు నాకు నిద్ర పట్టలేదు. అంతటి మేధావి, తన పాఠంలో ఇమడలేదని ఒక నిజాన్ని కూర్చోబెట్టేశాడు. నేనూ అదే చేశాను. తేడా ఏమంటే, ఆయన చేతిలో ఓడిపోయింది ఒక రాగి వలయం. నా చేతిలో ఓడిపోయింది ఒక పిల్లవాడు.

చివరి రోజులు సుఖంగా గడవలేదు. 1824లో కొలేజ్ ద ఫ్రాన్స్‌లో ఫిజిక్సు పీఠం వచ్చింది గానీ, ఛాతీ జబ్బు వదల్లేదు. డబ్బు ఇబ్బంది వదల్లేదు. అల్లుడు తాగుబోతు అయ్యాడు, ఆ గొడవలన్నీ ఈయన ఇంట్లోనే. కొడుకు సైన్సు వైపు రాకుండా సాహిత్యంలోకి వెళ్లి, తర్వాత అందులో పేరు తెచ్చుకున్నాడు. ఆంపియర్ మాత్రం సకల శాస్త్రాలనూ వర్గీకరించే గ్రంథం మీద పడ్డాడు. మొదటి భాగం 1834లో వచ్చింది. రెండోది చూసుకోలేదు. తనిఖీ ప్రయాణంలో మార్సే నగరం చేరి, అక్కడే 1836 జూన్ 10న కన్నుమూశాడు. అరవై ఒక్క ఏళ్లు. అక్కడే పూడ్చారు. 1869లో పారిస్‌కు తెచ్చి మోమార్త్ శ్మశానంలో కొడుకు పక్కన ఉంచారు.

తర్వాత గౌరవాలన్నీ వచ్చాయి. మాక్స్‌వెల్ ఆయన్ను న్యూటన్‌తో పోల్చాడు. 1881లో పారిస్‌లో జరిగిన అంతర్జాతీయ విద్యుత్ మహాసభ కరెంటు కొలమానానికి ఆయన పేరు పెట్టింది. 1948లో ఆంపియర్‌ను ఆయన ప్రయోగంతోనే నిర్వచించారు. మీటరు దూరంలో ఉన్న రెండు సమాంతర తీగల మధ్య, మీటరు పొడవుకు ఒక న్యూటన్‌లో కోటి భాగాల్లో రెండు భాగాల బలం. నేను చదివిందీ, నేను చెప్పిందీ ఆ నిర్వచనమే. 2019 మే 20 నుంచి అది మారింది. ఇప్పుడు ఎలక్ట్రాన్ ఆవేశపు విలువను స్థిరంగా తీసుకుని ఆంపియర్‌ను చెబుతున్నారు. తీగలు పోయాయి, పేరు ఉంది. ఆయన పెరిగిన పోలేమియో ఇల్లు విద్యుత్ మ్యూజియం అయింది.

మిత్రులారా, నేను ఇప్పుడు రిటైరయ్యాను. ఆ అబ్బాయి ఎక్కడున్నాడో నాకు తెలియదు. ఆ తర్వాత క్లాసులో ఎవరు ఏ ప్రశ్న అడిగినా, తెలియకపోతే తెలియదనే చెప్పాను. మర్నాడు చూసుకుని వచ్చి చెప్పాను. అది అతను నాకు నేర్పిన పాఠం. దాని వల్ల లాభపడింది తర్వాతి బ్యాచిల వాళ్లు, అతను కాదు. ఇక్కడ చర్య ఒకచోట, ప్రతిచర్య ఇంకోచోట. మధ్యలో ఇన్నేళ్లూ అది నా దగ్గరే ఉండిపోయింది.

ఈ సంచిక పాత విద్యార్థులకు కూడా పంపుతారని విన్నాను. వెనక బెంచీలో కూర్చున్న ఆ విద్యార్థి చేతికి ఇది చేరితే, చేరాలనే నా కోరిక, ఒక్క సంగతి అతనికి తెలియాలి. ఆ రోజు బోర్డు దగ్గర నిలబడ్డవాడు తప్పు. నాయనా, నీ లెక్క కరెక్టు.